కిటికీకి రెప్ప

పట్టణాలలో కొత్త ఇల్లు కట్టుకొన్నవారు నేడు గుడ్డతెరలను విడిచి చెక్కపలకల తెరలను కోరుచున్నారు. అంగడివారు వీటిని బ్లైండ్లు అందురు. సన్నని పలకలు ఒకదాని క్రింద ఒకటిగా దారములపై అమరియుండును. తాడు లాగినచో తెర పైకి లేచును. పలకలను వాల్చినచో వెలుతురు కావలసినంత మేరకే లోనికి వచ్చును. వస్తువు మంచిదే. దానిని ఎంచుకొను పద్ధతియే మంచిది కాదు. సోఫాకు, గోడరంగునకు సరిపోయినదా అని చూతురే కాని, ఆ కిటికీ ఏ దిక్కున ఉన్నది, ఎండ ఏ వేళకు వచ్చును అని విచారించువారు అరుదు.

కిటికీకి సంస్కృతమున వాతాయనమనియు, గవాక్షమనియు పేర్లు కలవు. మొదటిది గాలి వచ్చు త్రోవ. రెండవది ఆవు కన్ను. కన్ను అన్న తరువాత రెప్ప ఉండవలెను. రెప్ప గోడ వంటిది కాదు. మూసినప్పుడు కాపాడును, తెరచినప్పుడు అడ్డు రాదు, సగము వాల్చినప్పుడు చూపును నిలుపును. గుడ్డతెర మూసిన చీకటి, తీసిన ఎండ. సగము వాలు గుణము పలకల తెరకే కలదు. దీనిని ఆంగ్లేయులు వెనిస్ నగరము పేరను పిలుతురు. మనకును ఇది కొత్త కాదు. పాత రైలుపెట్టెల కిటికీలకు ఉండిన చెక్కరెక్కల తలుపులను పెద్దలు మరచియుండరు.

అయితే రెప్ప కంటికి వెలుపల ఉండును. నేటి ఇండ్లలో తెర గాజుతలుపునకు లోపల ఉన్నది. చిక్కంతయు ఇక్కడనే. గాజు సూర్యకాంతిని లోనికి రానిచ్చును. ఆ కాంతికి కాగిన వస్తువులు వెలువరించు ఉష్ణకిరణములను మాత్రము తిరిగి బయటికి పోనీయదు. కావున లోపలి పలక తాను కాగి, గదిని కూడ కాచును. ఆ వేడిని తీయుటకు ఏసీ, తెర దించగా కమ్మిన చీకటిని పోగొట్టుటకు పట్టపగలు దీపము! వసారాలకు వ్రేలాడిన వెదురు తడికలును, నీరు చల్లి తడిపిన వట్టివేళ్ళ తడికలును ఎండను గడప దాటకముందే ఆపినవి. వాటిని కట్టినవారు భౌతికశాస్త్రము చదువకపోవచ్చును, ఎండను చదివినారు.

ఈ సూత్రమును ఆధునిక వాస్తుశిల్పము నిరాకరించలేదు. పుదుచ్చేరిలోని అరవిందాశ్రమమునకు చెందిన గోల్కొండ్ అను వసతిగృహము ఇందుకు సాక్షి. ఆంటొనిన్ రేమండ్, జార్జి నకాషిమా మొదలగువారు 1930లలో మొదలుపెట్టిన ఈ కట్టడము 1940లలో పూర్తియైనది. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాము ఇచ్చిన లక్ష రూపాయల విరాళమే ఆ పేరునకు కారణము. అక్కడ గాజుకిటికీలకు బదులు, గదుల వెలుపలి వైపున తిప్పుటకు వీలైన అడ్డపలకలు వరుసగా అమర్చినారు. లోపలి వైపున ఎడమెడముగా టేకుపలకలు కూర్చిన జరుపుడు తలుపులున్నవి. ఎండ బయటనే ఆగును; గాలి గదిలో సంచరించును; లోనున్నవారి మరుగునకు భంగము రాదు.

అపార్టుమెంటులలో బయట తెర కట్టనీయరు కదా అని కొందరందురు. ఆ మాట నిజమే. అట్టివారు బాల్కనీ అంచున వెదురు తెర వ్రేలాడదీయవచ్చును. వెదురు మూడు నాలుగేండ్లలో పక్వమగును. టేకునకు దశాబ్దములు పట్టును. మేదరి పనివానికి నాలుగు రాళ్ళు దక్కును. తెర లోపలనే కట్టక తప్పనిచో, ముదురు గోధుమరంగు విడిచి లేతరంగు పలకలను ఎంచుకొనుట మేలు. లేతరంగు చాలవరకు కాంతిని కాంతిగానే గాజు ద్వారా త్రిప్పి పంపును. ఉత్తరపు కిటికీకి పలుచని గుడ్డ చాలును. నడివేసవి మధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తికి వచ్చును గనుక దక్షిణపు కిటికీని సన్‌షేడే కాపాడును. వాలు ఎండ దూసుకొనివచ్చు పడమటి కిటికీకే పలకల తెర ముఖ్యము. తడి తగులు స్నానపుగదికి చెక్క పనికిరాదు, వంకర తిరుగును. పసిపిల్లలున్న యింట వ్రేలాడు తాడుగల తెర అసలే కూడదు. ఆ తాడు మెడకు చుట్టుకొని పిల్లలు మరణించిన దుర్ఘటనలు జరిగినవి. తాడు లేని రకములు నేడు దొరకుచున్నవి.

మన యిండ్లలోను, బడులలోను పిల్లలు మిట్టమధ్యాహ్నము కిటికీలు మూసి, దీపముల క్రింద చదువుకొనుచున్నారు. వెలుపల ఎంతో వెలుతురు వృథాగా పోవుచున్నది. ఆ వెలుతురును బిడ్డ పుస్తకము మీదికి చల్లగా దింపగలిగిన తెరయే మంచి తెర. అది ఖరీదైన టేకుదైనను, మేదరివాడు అల్లిన వెదురుదైనను ఒకటే.