బొమ్మ తుపాకీయే కదా అనుకుంటే...

కిందటి సంక్రాంతి సంబరాలకు మా ఊరి తెలుగు సంఘం పిల్లలతో అల్లూరి సీతారామరాజు నాటిక వేయించింది. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి చేసి ఆయుధాలు ఎత్తుకెళ్లిన ఘట్టం అందులో ముఖ్యం. రిహార్సల్స్ జరుగుతుండగా వాట్సాప్ గ్రూపులో ఒక మిత్రుడు ఉత్సాహంగా రాశాడు. ‘‘అన్నా, మా గ్యారేజీలో బ్లాంక్ తుపాకీ ఒకటుంది. తూటా రాదు, చప్పుడే వస్తుంది. సగం ఆరెంజ్ రంగులో ఉంది. నల్ల స్ప్రే కొట్టేస్తే అచ్చం అసలుదే!’’

నిమిషంలో పది మంది బొటనవేలు చూపించారు. అందులో నా వేలూ ఉంది.

ఆ రాత్రి గ్రూపులో ఎప్పుడూ మాట్లాడని ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ‘‘బాబూ, ఆ మెసేజ్‌ను ఈ దేశపు చట్టం పక్కన పెట్టుకుని ఇంకోసారి చదువు’’ అన్నారు. చదివాను. నిద్ర పట్టలేదు. మిత్రుడు రాసిన ఆ నాలుగు ముక్కల్లో రెండు వేర్వేరు చిక్కులున్నాయి.

మొదటిది రంగు. 2006 నాటి హింసాత్మక నేరాల తగ్గింపు చట్టం ప్రకారం అసలు తుపాకీని పోలిన నకిలీని తయారు చేయడం, అమ్మడం, బ్రిటన్‌లోకి తీసుకురావడం నేరం. ఈ నిబంధన 2007 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. ఎరుపు, ఆరెంజ్, పసుపు, ఆకుపచ్చ, గులాబీ, ఊదా, నీలం వంటి కొట్టొచ్చే రంగు ప్రధానంగా ఉన్నవి ఈ నిషేధం కిందికి రావు. ఆ రంగు అందం కోసం వేసింది కాదు, దూరం నుంచి చూసినవారికి ‘ఇది బొమ్మ’ అని చెప్పడానికి వేసింది. దానిమీద నల్ల స్ప్రే కొట్టి అసలుదానిలా మార్చడాన్ని కూడా అదే చట్టం నేరంగా పేర్కొంది. నాటకాలకు, సినిమాలకు, మ్యూజియంలకు, చారిత్రక ఘట్టాల పునఃప్రదర్శనలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ నాటకం కోసమే చేశామని చూపించుకోవాల్సింది మనమే. నాటకం అయిపోయాక ఆ నల్ల తుపాకీ ఎవరింట్లో ఉంటుంది, ఏ పిల్లాడి బ్యాగులోకి చేరుతుంది?

రెండోది ఇంకా పెద్ద చిక్కు. పై భాగం నుంచి పొగ వదిలే బ్లాంక్ తుపాకులు ఇక్కడ చాలాకాలం లైసెన్సు లేకుండా దొరికాయి. 18 ఏళ్లు నిండినవారు ఎవరైనా కొనుక్కోవచ్చు. అయితే వాటి గొట్టం తొలిచి నేరగాళ్లు అసలు తూటాలు పేల్చే ఆయుధాలుగా మార్చసాగారు. టర్కీలో తయారైన రెటే, ఎకోల్, సియోనిక్, బ్లో బ్రాండ్లను నేషనల్ క్రైమ్ ఏజెన్సీ, పోలీసులు పరీక్షించి, వీటిని సులువుగా మార్చవచ్చని తేల్చారు. సులువుగా మార్చగలిగే నకిలీ తుపాకీని అసలు తుపాకీగానే లెక్కించాలని 1982లోనే చట్టం చేశారు. అంటే కొత్త చట్టమేదీ రాలేదు. పరీక్షల ఫలితంతో, నిన్నటిదాకా చప్పుడు చేసే వస్తువుగా చూసినదాన్ని ఇప్పుడు ఆయుధంగా చూస్తున్నారు. 2025 ఫిబ్రవరి 3 నుంచి 28 వరకు ఇంగ్లండ్, వేల్స్ పోలీసులు గడువిచ్చి, ఈలోగా అప్పగిస్తే కేసు ఉండదన్నారు. పేరు, చిరునామా చెప్పనక్కర్లేదన్నారు. గడువు దాటాక దగ్గర ఉంచుకుంటే పదేళ్ల వరకు జైలు పడవచ్చు.

మా మిత్రుడి గ్యారేజీలో ఉన్నది ఆ నాలుగు బ్రాండ్లలో ఒకటే. షాపులో బిల్లుతో కొన్నదే. గడువు సంగతి అతనికి తెలియదు. అప్పటికి పౌరసత్వం దరఖాస్తు కూడా పంపి ఉన్నాడు.

‘మనవాళ్లకు తుపాకులతో ఏం పని?’ అని కొందరు పెద్దలు అంటారు. నిజమే, మనకు ఆయుధాల పిచ్చి లేదు. మనకున్నది దీపావళి జ్ఞాపకం. రేకు తుపాకీలో ఎర్ర రీలు పెట్టి టపటపా పేల్చుకుంటూ వీధులన్నీ తిరిగిన తరం మనది. ఆ వీధిలో తుపాకీ అంటే పండుగ. ఈ దేశంలో అదే మాట వేరే జ్ఞాపకాన్ని లేపుతుంది. 1996 మార్చి 13న స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ ప్రాథమిక పాఠశాలలో ఒక దుండగుడు 16 మంది పసివాళ్లను, వాళ్ల టీచరును కాల్చి చంపాడు. మరుసటి ఏడాదే చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించారు. ఇక్కడ మామూలు పోలీసు నడుముకు తుపాకీ ఉండదు. కానీ పార్కులో ఎవరి చేతిలోనో తుపాకీ కనిపించిందని ఫోన్ వెళితే వచ్చేది మామూలు పోలీసులు కాదు, సాయుధ దళం. చెట్టు వెనక దాక్కున్న మన పన్నెండేళ్ల కుర్రాడు చేతిలోది బొమ్మని చెప్పేలోపు ఏమవుతుందో ఏ తల్లీ తండ్రీ ఊహించుకోలేరు.

అందుకే బహిరంగ ప్రదేశంలో సరైన కారణం లేకుండా నకిలీ తుపాకీ పట్టుకు తిరగడమే ఇక్కడ నేరం. దానికి ఏడాది వరకు శిక్ష ఉంది. ఎదుటివారిని భయపెట్టాలన్న ఉద్దేశం రుజువైతే అది పదేళ్ల వరకు వెళుతుంది. 18 ఏళ్లలోపు వారు నకిలీ తుపాకీ కొనకూడదు, వారికి అమ్మనూ కూడదు. వలస వచ్చినవారికి జైలు గోడలతోనే కథ ముగియదు. శిక్షే కాదు, పోలీసు కాషన్ పడినా పౌరసత్వ దరఖాస్తులో చెప్పాలి. ఇరవై ఏళ్ల కష్టం ఒక గ్యారేజీ డబ్బాలో ఇరుక్కోవచ్చు.

చట్టం ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. ప్రాణాలు తీసేలా మార్చగలిగిన వస్తువును అంగట్లో పెట్టి అమ్మనివ్వకూడదు. అయితే ఒక్క మాట అడగాలి. ఏళ్ల తరబడి బిల్లిచ్చి అమ్మనిచ్చి, నాలుగు వారాలు కూడా నిండని గడువిచ్చి, ఆపైన కొన్నవాడినే ముద్దాయిని చేయడం ఎంతవరకు సబబు? 2010లో ఒలింపిక్ బ్రాండు బ్లాంక్ రివాల్వర్ల విషయంలోనూ ఇలాగే జరిగింది. అమ్మిన షాపుల దగ్గర కొన్నవారి వివరాలుంటే వాళ్లకు ఉత్తరం రాయించవచ్చు. గుళ్లకు, మసీదులకు, భాషా సంఘాలకు కబురు పెట్టవచ్చు. టీవీ వార్తల్లో ఒక రోజు చెప్పి ఊరుకుంటే, రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చి పడుకునే మనిషికి అది చేరదు.

ప్రభుత్వం చేసేది చేస్తుంది. మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. ఇంట్లో పాత బ్లాంక్ తుపాకీ ఉంటే ఈ వారాంతమే దాని బ్రాండు చూడండి. పై నాలుగింటిలో ఒకటైతే కారులో వేసుకుని స్టేషన్‌కు బయలుదేరకండి. దాన్ని ఎవరికీ అమ్మకండి, చెత్తలో పడేయకండి. ముందు సొలిసిటర్‌తో మాట్లాడి, 101కు ఫోన్ చేసి ఎలా అప్పగించాలో అడగండి. టర్కీ విహారానికో, ఇండియాకో వెళ్లినప్పుడు అసలుదానిలా ఉన్న బొమ్మ తుపాకీని పిల్లలు ముచ్చటపడినా సూట్‌కేసులో పెట్టకండి. సంఘాల కార్యవర్గాలు నాటకాల సామగ్రి బాధ్యతను ఒకరికి అప్పగించాలి. హాలు వారికి ముందే చెప్పాలి. సామగ్రి మూసిన పెట్టెలో రావాలి, మూసిన పెట్టెలోనే వెళ్లాలి.

మా మిత్రుడు అలాగే చేశాడు. సొలిసిటర్ సలహాతో 101కు ఫోన్ చేశాడు, పోలీసులే వచ్చి పట్టుకెళ్లారు. రెండు వారాలు అతనికి, అతని భార్యకు అన్నం సయించలేదు. చివరికి కేసు పెట్టలేదు. అందరికీ అలాగే జరుగుతుందన్న హామీ మాత్రం లేదు.

నాటిక బాగానే జరిగింది. పిల్లలు అట్టముక్కలతో తుపాకులు చేసి, ఆరెంజ్ కాగితం అంటించారు. చప్పుడు లాప్‌టాప్ నుంచి వచ్చింది. తుపాకీ దొరకని ఒక బుడతడు రెండు వేళ్లు చాచి ‘ఠాం’ అన్నాడు. జాకెట్ లోపల వేళ్లు పెట్టి బెదిరించిన ఒక దొంగ కేసులో, సొంత వేళ్లు నకిలీ తుపాకీ కిందికి రావని 2005లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. కాబట్టి వాడికి ఢోకా లేదు. హాలంతా చప్పట్లు కొట్టింది. సీతారామరాజు కథ చెప్పడానికి అంతకుమించిన ఆయుధం మాకు అవసరం పడలేదు.