జనుము విత్తనాల ఖర్చు ఎవరిది?

నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో పనిచేస్తూ ఊళ్లో రెండో మూడో ఎకరాలున్న వాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వికారాబాద్, పరిగి, తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగడి చేలు. సొంతంగా దున్నేవాళ్లు తక్కువ, కౌలుకిచ్చిన వాళ్లే ఎక్కువ. ఏటా ఎండాకాలం కౌలు మాట్లాడుకునే వేళకు ఒక ప్రశ్న వస్తుంది. యాసంగి జొన్నకు ముందు వానాకాలంలో పచ్చిరొట్ట ఎరువుగా జనుమో జీలుగో చల్లి కలియదున్నాలా, ఎప్పట్లాగే చేను పడావు పెట్టాలా? చల్లాలనే నేను అంటాను. కాకపోతే ఆ ఖర్చు కౌలు రైతు నెత్తిన పెట్టకూడదు, పట్టాదారే పెట్టుకోవాలి.

ముందు పడావు సంగతి. రేగడి చేనును వానాకాలం ఖాళీగా ఉంచడం పెద్దల తెలివితక్కువతనమేమీ కాదు. తడిసిన రేగడిలో కాలు పెడితే తీయలేం, ఇక నాగలి ఏం సాగుతుంది? అందుకే వానలన్నీ భూమికే తాగించి, వీలు దొరికినప్పుడల్లా గుంటుక తోలి కలుపు చంపి, ఉత్తర కార్తెలోనో హస్తలోనో జొన్న వేసేవారు. లోతైన రేగడి 200 మిల్లీమీటర్లకు పైగా నీటిని కడుపులో దాచుకుంటుంది. ఒక్క తడి పెట్టకపోయినా జొన్న గింజ కట్టేది ఆ నీటి మీదే. మరి ఆ నీళ్లు జనుము తాగేస్తే జొన్నకేం మిగులుతుందని రైతు అడిగితే అది న్యాయమైన భయమే.

దీనికి జవాబు తేదీల్లో ఉంది. మృగశిర వానకు చల్లిన జనుము 45, 50 రోజుల్లో, అంటే జూలై చివరికో ఆగస్టు మొదటి వారానికో పూతకొస్తుంది. అప్పుడే దున్నేస్తే ఆగస్టు, సెప్టెంబరు వానలు ఇంకా ముందున్నాయి కాబట్టి అది తాగిన తడి మళ్లీ నిండుతుంది, రొట్ట కుళ్లడానికీ వ్యవధి దొరుకుతుంది. తొలకరి ఆలస్యమై జూలై సగం దాటితే ఆ ఏడు మానేయడమే మేలు. ఇంకో చిక్కు కూడా ఉంది. జనుము నార తీసే మొక్క. పూత దాటితే కాండం ముదురుతుంది. ముదిరిన కాండాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనిని తామే వాడుకుంటాయి, జొన్న మొలక పసుపుబారుతుంది. పచ్చిరొట్ట వేసినా లాభం లేదనే వాళ్లను అడిగి చూడండి, ఆలస్యంగా దున్నిన కథలు చాలా బయటికొస్తాయి.

పడావు నష్టం ఎంతో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఔటర్ రింగు రోడ్డెక్కితే పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ 1976 నుంచి రేగడి నేలలో రెండు పద్ధతుల్ని పక్కపక్కన సాగించి చూస్తున్నారు. వానాకాలం ఖాళీగా ఉంచి యాసంగి పంట వేసిన చోట హెక్టారుకు ఏటా ఆరు టన్నులకు పైగా మట్టి కొట్టుకుపోయింది. వానాకాలమూ పంట కప్పి ఉంచిన చోట అది రెండు టన్నుల లోపే. దిగుబడి మొదటి చోట సుమారు ఒక టన్ను, రెండో చోట ఐదు. ఆ ఐదు టన్నులూ పచ్చిరొట్ట ఘనత కాదు. అక్కడ వెడల్పాటి బోదెలున్నాయి, ఎరువులున్నాయి, జొన్నతో కలిపి కంది ఉంది. నేను ఆ లెక్కలోంచి తీసుకునేది మట్టి సంగతి ఒక్కటే. వానకు ఒళ్లు చూపిన నేల ఏటా కొంత పోతూనే ఉంటుంది. డెన్మార్క్‌లో నైట్రేట్లు నీళ్లలోకి దిగకుండా కవర్ పంటలను చట్టం పెట్టి మరీ వేయిస్తారు. మన దగ్గర ఎవరూ అలా వేయించరు, పట్టాదారే పూనుకోవాలి.

ఎందుకంటే కౌలు రైతు చేతిలో ఉండేది ఒక్క ఏడాది, అదీ నోటిమాట మీద. నేలలో సేంద్రియ పదార్థం పెరగడానికి ఏళ్లు పడుతుంది. పైఏడు చేను ఎవరిదో తెలియనివాడు జనుము ఎందుకు చల్లుతాడు? సబ్సిడీ విత్తనం కావాలంటే పట్టాదారు పాస్‌బుక్కు చూపాలి, అది అతని దగ్గర ఉండదు. 2024 మే నెలలో జీలుగ విత్తనాల కోసం రైతులు పాస్‌బుక్కులు వరుసలో పెట్టి ఎండలో నిలబడ్డారు. ఆ వరుసలో పెట్టడానికి కౌలుదారు దగ్గర ఏముంది? సాగుదారులకు గుర్తింపు కార్డులివ్వాలని 2011లోనే చట్టం చేశారు. అయినా 2018లో వచ్చిన రైతు బంధు పట్టా ఉన్నవాడి ఖాతాలోకే పోయింది, చేను పడావున్నా సరే. ఎకరానికి సీజన్‌కు 6,000 రూపాయల చొప్పున ఇప్పుడిచ్చే రైతు భరోసా కూడా ఆ ఖాతాలోకే పోతోంది. ఆ డబ్బు మన ఫోన్లలో మోగుతోంది. ఎకరానికి పన్నెండు పదిహేను కిలోల జనుము విత్తనం, ఒకసారి ట్రాక్టరు దున్నకం కలిపినా అందులోంచి మిగులుతుంది.

వానాకాలం ఆదాయం వదులుకోలేనని కౌలు రైతు అంటే పెసర వేసుకోనివ్వండి. కాయ ఏరుకుని రొట్ట దున్నితే నత్రజని జనుమంత రాకపోయినా నేల కప్పి ఉంటుంది. కాయ కోసే వేళకు ముసురు పట్టే ప్రమాదం మాత్రం ఉంది. నీళ్లు నిలిచే పల్లపు చేనైతే జనుము తట్టుకోదు, జీలుగే మేలు.

ఈసారి కౌలు మాట్లాడేటప్పుడు గడువు మూడేళ్లని కాగితం మీద రాయండి. పచ్చిరొట్ట విత్తనమూ దున్నకమూ మీవేనని అందులోనే రాయండి. పాస్‌బుక్కు పట్టుకుని విత్తన కేంద్రానికి మీరే వెళ్లండి. ఏ విత్తనం చల్లాలో, ఏ రోజు దున్నాలో ఆ చేను చేసే మనిషికి వదిలేయండి.