పార్శ్వమును ఉపేక్షింపరాదు

ఆదివారము ప్రత్యూషమున హైదరాబాదు శివారున నున్న అప్పా కూడలి దాటి, బీజాపూరు బాటను పట్టి, మొయినాబాదు మీదుగా చేవెళ్ల వైపు సాగిపోవు సైకిలు యాత్రికుల నెరిగినవారికి ఒక దృశ్యము సుపరిచితమై యుండును: మర్రిచెట్టు నీడలో సైకిలును తలక్రిందుగా నిలిపి, చక్రము నూడదీసి, టైరు పక్కగోడపై బొటనవ్రేలంత చీలికను చూచుచు ఏమియు తోచక కూర్చున్న యువకుడు. ట్యూబునకు పంక్చరైనచో కొద్ది నిమిషములలో అతికించుకొని పోవచ్చును. పక్కగోడయే చీలినచో క్రొత్త ట్యూబు వేసినను అది ఆ రంధ్రమునుండి బుడగవలె వెలికుబికి మరల పేలును. ఎండకు పేలినదని యొకరు, కంపెనీ సరకు మంచిది కాదని వేరొకరు అచ్చటనే తీర్పు చెప్పుదురు. ఈ రెండును చాలవరకు తొందరపాటు తీర్పులే యని నా నిశ్చితాభిప్రాయము.

టైరునకు బలము రబ్బరు వలన కలుగునని మనము తలంతుము. వాస్తవమునకు ఆ బలము రబ్బరులో పొదిగిన సన్నని నైలాను దారములది. 1845లో రాబర్టు థామ్సన్ పేటెంటు పొందినదియు, 1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికొరకు మరల కల్పించినదియునైన గాలిటైరునకు తొలినాళ్లలో నేతగుడ్డయే కవచము. పడుగును పేకయు ఒకదాని నొకటి ఒరసికొని తెగుచుండుటచే ఆ టైర్లు అల్పాయుష్కములయ్యెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దమున జాన్ పామర్ అనునతడు దారములను నేయుట మాని, ఒక వరుసను ఒక దిశకును, దానిపై మరియొక వరుసను వేరొక దిశకును పరచి, నడుమ రబ్బరు నింపు పద్ధతిని కల్పించెను. నేటి రోడ్డు బైకు టైరును ఆ సూత్రమునే ఆశ్రయించి యున్నది. నేలను తాకు భాగమున దళసరి రబ్బరుండును; పక్కగోడకు దారములపై పరచిన పలుచని పొర తప్ప వేరు రక్షణ లేదు. ఆ పలుచదనము తయారీదారుని పిసినారితనము కాదు; పక్కగోడ సులువుగా వంగుటచేతనే బండికి వేగమును, ఎక్కినవానికి సుఖమును కలుగుచున్నవి.

ఇక గాయముల సంగతి. అంచులు పదునుగా, కత్తితో కోసినట్లున్న పొట్టి చీలిక యైనచో అది బాటపై రాలిన కంకరరాతి పనియో, గాజుపెంకు పనియో యగును. రిమ్ము అంచునకు దాపుగా, టైరు చుట్టును ఒకే యెత్తున గాడి పడి, దారములు పీచుపీచుగా వెలువడినచో, స్థానము తప్పిన బ్రేకు రబ్బరు పట్టిన ప్రతిసారియు టైరును రాచుచున్నదని యర్థము. గాడి లేకయే పక్కగోడ పొడవునను రబ్బరు నలిగి పగిలినచో, చాలినంత గాలి లేకుండ చిరకాలము నడిపిన ఫలమది. పదేపదే వంచిన ఇనుపతీగ తుదకు తెగినట్లే, చక్రము తిరిగిన ప్రతి చుట్టునను మితిమీరి వంగిన దారములును తుదకు తెగును. గుంతలో పడినప్పుడు రిమ్ము అంచు టైరును నేలకు అదిమి కొరికినచో రిమ్ము దాపున గాటును, ట్యూబున జంట రంధ్రములును కానవచ్చును. టైరు చెక్కుచెదరక ట్యూబు మాత్రమే పొడవుగా చీలినచో పక్కగోడ నిర్దోషి యని యెరుంగవలెను. బిగించునప్పుడు టైరు అంచు క్రింద చిక్కుకొనిన ట్యూబు ఆ యంచును పైకి నెట్టి బయటపడి పేలియుండును. క్రొత్త టైరు ఏ దెబ్బయు తగులకయే ఒకచోట ఉబ్బెత్తుగా లేచినప్పుడు మాత్రమే దారముల అమరికలో లోపమని తయారీదారుని నిలదీయుట న్యాయము.

ఈ బాటపైననే కనకమామిడి గ్రామము దాటిన పిదప ఒకనాడు నా వెనుక టైరు పేలినప్పుడు నేనును బాటపక్కన నున్న కంకరనే నిందించితిని. ఇల్లు చేరి దీపము దగ్గర పరీక్షించి చూడగా చుట్టును సన్నని గాడి కానవచ్చెను. బ్రేకు రబ్బరు రెండు మిల్లీమీటర్లు పైకి జరిగియుండెను. ఆ టైరును పరీక్షింపకయే పారవేసి యుంటినేని, క్రొత్త టైరును అదే బ్రేకునకు బలిపెట్టి యుందును.

ఎండ మాట కూడ లెక్క వేసి చూతము. ఉదయము 25 డిగ్రీల చల్లదనమున 90 పీఎస్ఐ గాలి నింపిన టైరు మధ్యాహ్నమునకు 45 డిగ్రీలకు వేడెక్కినను, అందలి పీడనము సుమారు 97 పీఎస్ఐకి మాత్రమే పెరుగును. ఆ యేడు పీఎస్ఐ ఆరోగ్యముగా నున్న టైరును చీల్చజాలదు. అదివరకే గాయపడిన దానికి తుదిదెబ్బ కాగలదు, అంతియే. ఎండ చేయు అసలు హాని వేరు: ఏండ్ల తరబడి బాల్కనీలో నిలిపిన సైకిలు టైరును సూర్యరశ్మియు, గాలిలోని ఓజోనును ఎండబెట్టి, రబ్బరుపై సన్నని నెరియలు కల్పించును. ఆ హాని పయనములో గాక, పయనము లేని దినములలో జరుగుచున్నది.

ఇంతవరకు చెప్పినది సైకిలు యజమాని బాధ్యత. బాటకును బాధ్యత గలదు. అప్పా కూడలి నుండి మన్నెగూడ వరకు గల 46 కిలోమీటర్ల యీ బాట ఇరుపక్కల సుమారు 900 మర్రిచెట్లున్నవి. బాటను విస్తరింపవలయునా, చెట్లను కాపాడవలయునా యను వివాదము హరిత ట్రిబ్యునలు వరకు పోయినది. ఆ వాదోపవాదముల నడుమ బాట అంచును గూర్చి మాటాడినవారు అరుదు. తారు ముగిసి మట్టి మొదలగు చోట, టిప్పర్లనుండి రాలిన కంకర చేరు చోట, సైకిలువాడు నడువవలసి వచ్చుచున్నది. 2025 నవంబరు 3న ఈ బాటపైననే మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మందిని బలిగొనినప్పుడు, అదుపు లేని కంకర బండి యెంత భయంకరమో లోకమెల్ల చూచినది. అదే కంకర నలుసులు నలుసులుగా రాలినప్పుడు చేయు కీడు వార్త కాదు. కాని ముందు చక్రపు పక్కగోడ చీలి, అదుపు తప్పి, వెనుక వచ్చు లారీ ముందర పడిన మనిషికి అది చిన్న కీడు కాదు. ఈ బాటపై వేలరూపాయల బైకులపై వచ్చు నగరవాసులే గాక, పాలక్యానులు కట్టుకొని పోవువారును, పనికి పోవు కూలీలును, బడికి పోవు పిల్లలును గలరు. 2023లో ఔటరు రింగు రోడ్డు వెంట సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాటను నిర్మింపగలిగిన మనకు, చేవెళ్ల బాట అంచున రెండడుగుల తారును, వారమున కొకసారి చీపురును అసాధ్యములు కావు.

కావున అధికారులకు నా విన్నపము: కంకర బండ్లకు టార్పాలిను కప్పించుడు, బాట అంచులను తారుతో గట్టిపరచి ఊడ్పించుడు. సోదర యాత్రికులకు నా మనవి: పాత టైరు ముక్కను, మన సైకిలు షాపులవారు గేటరు అనుదానిని, ఒకటి జేబులో నుంచుకొనుడు, అది లేనినాడు మడిచిన కరెన్సీ నోటైనను చీలికకు లోపల అడ్డుపెట్టి మెల్లగా ఇల్లు చేరవచ్చును. ఆపై ఆ టైరును పారవేయుటకు ముందు దాని గాయమును శ్రద్ధగా పరీక్షింపుడు. నేలను తాకు భాగమును చూచినంతగా మనము పక్కగోడను చూడము. బండ్లు పోవు నడిబాటను చూచినంతగా ప్రభుత్వము బాటపక్కను చూడదు. ఈ రెండు ఉపేక్షలలో మొదటిదానిని మాన్పుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. వచ్చు ఆదివారము గడప దాటుటకు ముందు చక్రమును ఒక్క చుట్టు త్రిప్పి, ఇరుపక్కల గోడలను చూచి బయలుదేరుడు.