ఇత్తీ సీ ఉమర్ మే ఘుట్నే?

మన దగ్గర జోడ్ల దర్ద్ పెన్షన్ లాంటిది. అరవై దాటాకే శాంక్షన్ అవుతుందని అందరి ఖయాల్. ఇరవై మూడేళ్ల అమ్మాయి గోడ పట్టుకుని లేస్తే దాన్ని నఖ్రా అంటారు. మా నాదర్‌గుల్ గల్లీలో ఆ మాట నా ముఖం మీద ఎవరూ అనలేదు, అల్‌హందులిల్లా. "క్యా బేటా, ఇత్తీ సీ ఉమర్ మే ఘుట్నే?" అని మాత్రం అడుగుతారు. చిన్న ఉమర్‌లో మోకాళ్లు ఉండవా ఖాలా, అని నేనూ అడుగుతాను.

నా బీమారీ పేరు జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్. తొమ్మిదో ఏట వచ్చింది. మొదటి లఫ్జ్ దగ్గరే గొడవ. "మా పిల్లకు జువెనైల్ ఉంది" అని అమ్మీ ఓసారి పక్కింటి ఆంటీకి చెబితే, ఆవిడ గొంతు తగ్గించి "ఏం చేసింది పాపం? సైదాబాద్ హోమ్‌లో పెట్టారా?" అంది. రెండో లఫ్జ్ ఇడియోపతిక్. వజహ్ తెలియదనే మాటను డాక్టర్లు అదబ్‌గా అలా చెబుతారు. పదహారేళ్లు నిండకముందు మొదలై, కీలు వాపు కనీసం ఆరు వారాలు ఉండి, ఇంకే కారణమూ దొరక్కపోతే ఈ పేరు పెడతారు. ఒంటిని కాపాడాల్సిన ఫౌజే మన కీళ్లను దుష్మన్ అనుకుని దాడి చేస్తుంది. కొందరికి పెద్దయ్యేసరికి సద్దుమణుగుతుంది. కొందరికి సాగుతూనే ఉంటుంది. నాకు ఓటు వచ్చింది, ఆధార్‌లో ఫోటో మారింది, బీమారీ మాత్రం ఇంకా జువెనైలే.

ఇది నిన్న మొన్న పుట్టింది కూడా కాదు. 1897లో సికిందరాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ పట్టుకున్నాడని మనం బడిలో చదువుకున్నాం. అదే ఏడాది లండన్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే డాక్టర్ చిన్నపిల్లల కీళ్ల జబ్బు మీద వ్యాసం అచ్చువేశాడు. దోమకు దొరికిన షోహ్రత్ మాకు దొరకలేదు, అంతే.

ఈ బీమారీ అర్థం కావాలంటే గడియారం చూడాలి. ఫజర్ అజాన్ వేళ నా వేళ్లు టూత్‌పేస్ట్ మూత తిప్పలేవు. తొమ్మిదిన్నరకు తిప్పుతాయి. జొహర్ వేళకు నేను చున్నీ సర్దుకుని చకచకా నడుస్తుంటాను. మర్నాడు ఫజర్‌కు కథ మళ్లీ మొదటికే. మా ఊళ్లో పైలట్లకు శిక్షణ ఇచ్చే ఎయిర్‌స్ట్రిప్ ఉంది. చిన్న విమానం ఎగిరే ముందు ఇంజిన్ వేడెక్కేదాకా నిలబడి గుర్రుగుర్రుమంటుంది. దాన్నెవరూ నఖ్రా అనరు.

కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ వెళ్తాను. ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కణ్ణుంచి మెట్రోలో మూడో స్టేషన్. పొద్దున్నే బస్సు మొదటి మెట్టు నాకు గోల్కొండ ఖిల్లా. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు టికెట్ మాఫీ అయింది, మెట్టు మాఫీ కాలేదు. వికలాంగుల సీట్లో కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్లు నా కాళ్లు లెక్కపెడతారు. రెండూ ఉన్నాయి మరి! సాయంత్రం అదే దారిలో వచ్చేటప్పుడు ఎవరో పెద్దావిడ కూరగాయల సంచీ నేనే పైకి అందుకుంటాను. పొద్దున చూసినవాళ్లు సాయంత్రం చూస్తే నన్ను ధోకాబాజ్ అంటారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు ఒక్కసారే చూశారు.

సర్కార్ కూడా ఒక్కసారే చూస్తుంది. నాకు అసలు షికాయత్ అక్కడే. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉండేవి. 2016 చట్టం వాటిని 21 చేసింది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ లాంటి, పైకి కనిపించని బీమారీలకు కూడా అందులో జగా దొరికింది. మా కీళ్లవాతానికి విడిగా పేరు లేదు. మేం కదలికల వైకల్యం కింద వెళ్లి, కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో, కండరంలో ఎంత తాకత్ ఉందో కొలిపించుకోవాలి. నౌకరీ రిజర్వేషన్‌కు 40 శాతం ఉండాలి. నన్ను పిలిచింది మధ్యాహ్నం పన్నెండు తర్వాత. ఏ ఆసుపత్రో చెప్పను, అక్కడి డాక్టర్ సాహెబ్ షరీఫ్ మనిషి. వంగమన్నారు, వంగాను. పిడికిలి బిగించమన్నారు, బిగించాను. ఇరవై శాతం రాశారు. పొద్దున ఆరింటికి పిలిచి ఉంటే నా పిడికిలిలో పావురాన్ని పెట్టినా హాయిగా ఎగిరిపోయేది.

నకలీ సర్టిఫికెట్లతో హక్‌దార్ల హక్ కొట్టేసేవాళ్లు ఉన్నారని నాకూ తెలుసు. అందుకే కొలత వద్దని అనడం లేదు, రెండుసార్లు కొలవమంటున్నాను. అందులో ఒకసారి పొద్దున్నే. అది కుదరకపోతే రుమటాలజిస్ట్ రాసిన ఏడాది రికార్డు తిరగేయండి. మా ఫైల్ మోయడమే సగం కసరత్.

ఇక దవాల సంగతి. మా ఖాన్‌దాన్‌లో దర్ద్ అన్న ఐదు నిమిషాల్లో పాయా వస్తుంది. మేక కాళ్లు ఉడికించి తాగితే మన కాళ్లు గట్టిపడతాయని నమ్మకం. ఆ లెక్కన భేజా ఫ్రై తినేవాళ్లందరూ కలెక్టర్లు కావాలి. నానీ 1920 నుంచీ మన శహర్ సొంతమైన జిందా తిలిస్మాత్ రాస్తుంది. ఆ వాసన నాకు నానీ చేతి వాసన, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. యునానీ హకీములు కీళ్ల జబ్బును వజఉల్ మఫాసిల్ అంటారు. ఆ పేరు వింటేనే బీమారీకి కాస్త ఇజ్జత్ వచ్చినట్టుంటుంది. "ఇంగ్లీష్ దవా మానెయ్, సబర్ చెయ్" అన్నప్పుడే నాకు గుస్సా వస్తుంది. నేను మెథోట్రెక్సేట్ వాడతాను. వారానికి ఒక్కసారే, జుమేరాత్ రాత్రి. పొరపాటున రోజూ వేసుకుంటే జాన్ మీదికి వస్తుంది కాబట్టి అమ్మీ ఆ డబ్బాను బంగారంలా దాస్తుంది. మన ఇష్టానికి మానేస్తే వాపు తిరిగొస్తుంది, అరిగిన కీలు తిరిగి రాదు. ఈ బీమారీ నొప్పి, ఎరుపు ఏమీ లేకుండా కంట్లో కూడా దూరగలదు. అందుకే చిన్నప్పటి నుంచీ స్లిట్ ల్యాంప్ ముందు గడ్డం ఆనించి కూర్చోవడం నాకు అలవాటు. మీ ఇంట్లో చిన్నపిల్ల పొద్దున కుంటుతూ లేచి మధ్యాహ్నానికి ఆడుకుంటుంటే, బడి ఎగ్గొట్టే బహానా అనుకోకండి. ఓసారి డాక్టర్‌కు చూపించండి.

పద్దెనిమిది నిండగానే నన్ను కార్టూన్ల గోడలున్న పిల్లల ఓపీ నుంచి పెద్దల ఓపీకి పంపారు. అక్కడ పక్కన కూర్చున్న ఓ అవ్వ "ఎవల్ని తీస్కొచ్చినవ్ బిడ్డా?" అంది. "నన్నే అవ్వా" అన్నాను. కాసేపు నన్ను చూసి, తన కింది మెత్త తీసి నాకిచ్చింది. అక్కడ నన్ను సర్టిఫికెట్ అడగని మనిషి ఆవిడొక్కతే.

ఇప్పుడు ఇంట్లో రిష్తాల మౌసమ్. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు ఖతర్, తల్లి కావాలనుకుంటే ముందే డాక్టర్‌తో మాట్లాడి దవా మార్చుకోవాలి. నాలాంటి వాళ్లు తల్లులవుతున్నారు, మాషాఅల్లాహ్. కానీ సుస్రాల్‌లో దాచాల్సిన టాబ్లెట్‌ను ఏదో ఒక వారం వేసుకోలేకపోతాం, తర్వాత వేసుకోవడమే మానేస్తాం. అందుకే బయోడేటాలో బీమారీ పేరు పూర్తిగా రాయాలని నేను, రాస్తే ఎవరొస్తారని ఖాలా. మొన్న నేను రాసిన లైను కొట్టేసి, దాని జాగాలో "సిహత్ మంచిది, ఇంటిపని అంతా వచ్చు" అని రాసింది. నేను రెండూ కొట్టేశాను. ఇంటిపని రాకపోవడానికి మాత్రం బీమారీతో సంబంధం లేదు.