చామంతి కుండీని పారవేయకుడు

ఫిబ్రవరి మాసమున మీ గ్రామ పంచాయతీ కార్యాలయము వెనుకకు వెళ్ళి చూడుడు. గణతంత్ర దినమున మెట్లకు ఇరుప్రక్కల వరుసగా నిలిపిన చామంతి కుండీలు అచ్చట బోర్లించి యుండును. పువ్వు వాడినది గనుక మొక్క చచ్చినదని తలచి పారవేసినారు. మరల జనవరి రాగానే కడియము నుండియో, దగ్గరి పట్టణపు నర్సరీ నుండియో క్రొత్త కుండీలు కొందురు. ఈ వ్యయము అనవసరమని, ఆ డబ్బు గ్రామములోనే ఒక చిన్న కుటుంబమునకు చేరవలెనని నా అభిప్రాయము.

చామంతి బంతివలె ఒకసారి పూచి చచ్చునది కాదు. పూత ముగిసిన పిమ్మట పైకొమ్మలు ఎండినను, మొదలు వద్ద మట్టిలోనుండి పిలకలు వచ్చును. పూలు వాడగానే కొమ్మలను నాలుగు వ్రేళ్ళ ఎత్తున కోసి, కుండీని చెట్టు నీడన పెట్టి, వేసవి అంతయు మట్టి పూర్తిగ ఎండిపోకుండ కొద్దికొద్దిగ తడుపుచుండిన చాలును. జూన్, జూలైలలో ఒక్కొక్క పిలకను వేరుతో విడదీసి నాటుకొనవచ్చును. లేదా రెండు మూడు అంగుళముల చివరి కొమ్మలను త్రుంచి తడి ఇసుకలో గ్రుచ్చిన, రెండు మూడు వారములలో వేరు తొడుగును. ఒక తల్లి కుండీనుండి అనేకము చేయవచ్చునన్నమాట.

“వరి, మిరప విడిచి పూలకుండీల మాట చెప్పుటకా మీకు జీతము?” అని ఒక పెద్దరైతు నన్ను రచ్చబండ వద్ద అడిగినారు. వారికి పది ఎకరములున్నవి. వారికి చామంతి అక్కరలేదు. సెంటు పొలము లేక, పెరటిలో నాలుగు గజముల ఎండ మాత్రమే గలవారి సంగతి వేరు. వారికొరకే ఈ నాలుగు మాటలు.

అట్టి ఇల్లాలు ఒకామె రెండేండ్ల క్రిందట నా మాట విని 60 కుండీలు పెంచినది. సంక్రాంతికి, గణతంత్ర దినమునకు అమ్మవలెనని ఆమె తలంపు. మేకలు కొరుకుచున్నవని చెప్పగా, కుండీలను వీధి ప్రక్క ప్రహరీలోపల చేర్చుమని నేనే చెప్పితిని. అచ్చట తెల్లవార్లు వెలుగు ఎల్.ఇ.డి. దీపమొకటి గలదు. డిసెంబరు వచ్చుసరికి దూరమున నున్న కుండీలు మొగ్గతో నిండినవి. స్తంభము క్రిందివి మాత్రము ఆకులతో ఏపుగా పెరుగుచునే యున్నవి. ఎరువు ఎక్కువైనదని ఒకరు, దిష్టి తగిలినదని ఒకరు చెప్పినారు. జనవరి 26 గడచిపోయినది. సగము కుండీలు అమ్ముడుపోలేదు.

తప్పు నాది. చామంతి చీకటిని లెక్కపెట్టు మొక్క. వర్షాకాలము వెళ్ళి పగలు తగ్గి రాత్రి పెరుగుచుండగా, ఆ పొడుగు రాత్రిని గుర్తించి మొగ్గ తొడుగును. రాత్రి నడుమ వెలుగు పడిన, ఇంకను రాత్రి పొడుగు కాలేదని ఎంచి ఆకులే వేయును. మొక్కలు పగటి పొడుగునుబట్టి పూయుననుటను 1920లో గార్నర్, అల్లార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. షెడ్లలో చామంతి పెంచువారు రాత్రులందు దీపములు వెలిగించి పూత నిలుపుదురు, నల్లగుడ్డ కప్పి పూత తెప్పింతురు. ఇదంతయు నేను కళాశాలలో చదివి, పరీక్షలో వ్రాసి, మార్కులు తెచ్చుకొన్నదే. స్తంభము క్రింద నిలిచినప్పుడు మాత్రము జ్ఞాపకము రాలేదు. కావున సెప్టెంబరు మొదలు మొగ్గ బాగుగ కనబడువరకు కుండీలను వీధిదీపమునకు, వరండా దీపమునకు దూరముగ నుంచుడు. పగలు మాత్రము మంచి ఎండ తగలవలెను.

కార్యాలయములలో చామంతిని చంపునది ఎక్కువగ నీరే. బంట్రోతు వచ్చి ఒక చెంబు, గుమాస్తా వచ్చి ఒక చెంబు పోయుదురు. కుండీ క్రింద పళ్ళెములో నీరు నిలిచి వేరు కుళ్ళును. మొక్క వాలిపోవుట చూచి మరియొక చెంబు పోయుదురు! వ్రేలు ఒక అంగుళము లోతు మట్టిలో గ్రుచ్చి చూడుడు. తడి తగిలిన ఆనాడు నీరు వద్దు. పోయునప్పుడు మొదట పోయవలెను గాని ఆకులపై గాదు, ముఖ్యముగ సాయంకాలము. ఆకులు రాత్రియంతయు తడిసియున్న మచ్చతెగులు పట్టును.

కుండీ పది అంగుళములదైన చాలును. అడుగు రంధ్రముపై పెంకు ముక్కను బోర్లించి, ఎర్రమట్టి, ఇసుక, బాగుగ చివికిన పశువుల ఎరువు సమముగ కలిపి నింపుడు. పచ్చిపేడ వేయరాదు. నాటిన నాలుగు వారములకు తల గిల్లవలెను. ఈ పని చేయుటకు మన ఇండ్లలో ఎవరికిని చేయి రాదు, పెరుగుచున్న మొక్క తల త్రుంచుట పాపమన్నట్లు చూతురు. గిల్లనిచో ఒక్క కాడ పొడుగై వాలిపోవును. గిల్లిన ప్రక్కకొమ్మలు వచ్చి కుండీ గుండ్రముగ నిండును. రెండు మూడు వారములకు మరియొకసారి గిల్లి, సెప్టెంబరు నడుమ ఆపివేయుడు. వేపపిండిని నానవేసి పలుచన చేసిన నీటిని పదిదినముల కొకసారి, మొగ్గ రంగు చూపువరకు పోయవచ్చును. పేనుబంక కనబడిన లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగ సబ్బునీరు కలిపి చల్లుడు.

గ్రామాధికారులకు ఒక మనవి. వచ్చే జనవరికి కుండీలు కావలెనన్న, ఈ జూన్‌లోనే గ్రామములో పెంచగల వారిని పిలిచి, ఇన్ని కుండీలు తీసికొందుమని ముందుగ మాట ఇయ్యుడు. మాట ఉన్ననే పెంచువారికి ధైర్యము. పాత కుండీలను, పిలకలను కూడ వారికే ఇచ్చివేయుడు.

ఆ ఇల్లాలు నిరుడు కూడ కుండీలు పెట్టినది. నన్ను అడుగలేదు. కొట్టమునకు తూర్పున, వీధిదీపము కనబడని చోట వరుస పెట్టి, మేకలు రాకుండ చుట్టును ముళ్ళకంప నాటుకొన్నది.