మూగ గది తలుపు తీసిన స్త్రీలు



రాత్రి భోజనాలు అయ్యాక, పిల్లలు నిద్రపోయాక, వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ తనలో తాను ఏదో అనుకునే స్త్రీని మనమందరం చూచినవారమే. “ఏమిటమ్మా అంటున్నావు?” అని అడిగితే, “ఏమీ లేదులే” అంటుంది. ఆ “ఏమీ లేదు” వెనుక ఎంత ఉన్నదో చాలా ఇండ్లలో ఎవరికీ తెలియదు. అడిగేవారు తక్కువ. అడిగినా, ఆగి వినేవారు ఇంకా తక్కువ.

ఈ నెల ఈ శీర్షికలో మేము మీకు పరిచయం చేయదలచినది, అలా లోపలే ఉండిపోయిన మాటలను పుస్తకాలుగా వ్రాసిన కొందరు స్త్రీలను. వారు ఐరోపా ఖండానికి ఉత్తరపు కొసన ఉన్న నార్వే దేశస్థులు. నార్వే అంటే మంచు, కొండలు, సముద్రం. పూర్వం అక్కడి జనంలో ఎక్కువమంది చిన్న కమతాలు చేసుకొనే రైతులు, చేపలు పట్టి బ్రతికేవారు. ఊరికొక దేవాలయం, దానికొక లూథరన్ సంఘకాపరి. ఆదివారం వస్తే చుట్టుపట్ల వారంతా అక్కడే కలుసుకొనేవారు. కనుక ఈ కథలలోని మనుష్యులు మనకు మరీ క్రొత్తవారు కారు.

కాపరి ఇంటి ఆడపిల్ల

కమిల్లా కొలెట్ 1813లో పుట్టింది. ఆమె తండ్రి నికొలాయ్ వెర్గెలాన్ సంఘకాపరి. 1814లో నార్వే రాజ్యాంగాన్ని తయారుచేసిన సభలో ఆయన ఒక సభ్యుడు. ఆ సభ జరిగిన ఐడ్స్‌వోల్‌కే కొన్నేండ్ల తరువాత ఆయన కాపరిగా వచ్చాడు. కమిల్లా బాల్యం అక్కడి కాపరి గృహంలోనే గడిచింది.

ఆమె అన్న హెన్రిక్ వెర్గెలాన్ ఆ దేశంలో పేరుగాంచిన కవి. తండ్రి కూర్చున్న సభ చేసిన రాజ్యాంగంలోనే, యూదులు నార్వేలోనికి రాకూడదనే నిబంధన ఒకటి ఉండేది. దానిని తీసివేయాలని హెన్రిక్ ఎంతో పోరాడాడు. 1845లో ఆయన చనిపోయాడు. ఆరేండ్ల తరువాత, 1851లో ఆ నిబంధన తొలగింది. దేశపు గుమ్మం బయట నిలిచిపోయిన వారి కొరకు అన్న మాట్లాడాడు. ఇంటి గుమ్మం లోపల ఉండిపోయిన వారి కొరకు చెల్లెలు మాట్లాడింది.

1841లో ఆమెకు పీటర్ యోనాస్ కొలెట్ అనే న్యాయశాస్త్ర పండితునితో వివాహమైంది. భార్య చేత వ్రాయించాలని ఎంతో ప్రోత్సహించిన మంచి భర్త ఆయన. కాని 1851లో ఆయన మరణించాడు. నలుగురు కుమారులతో ఆమె విధవరాలైంది. ఇల్లు అమ్ముకోవలసి వచ్చింది. పెద్ద పిల్లలను బంధువుల ఇండ్లలో ఉంచవలసి వచ్చింది. అటువంటి రోజులలో, 1854, 1855 సంవత్సరాలలో, ఆమె నవల రెండు భాగాలుగా వెలువడింది. దాని పేరుకు తెలుగు చెప్పుకుంటే “జిల్లా అధికారి కుమార్తెలు” అవుతుంది. పుస్తకం మీద రచయిత్రి పేరు లేదు. ఒక గౌరవమైన ఇంటి ఆడది ఇటువంటి సంగతులు వ్రాయడం ఆ కాలంలో తగదని ఎంచేవారు.

ఇంతకీ ఆమె వ్రాసినదేమిటి? ఒక అధికారి ఇంటిలో ఆడపిల్లలు. తల్లి దృష్టి అంతా వారికి సంబంధాలు కుదర్చడం మీదనే. అక్కలు ప్రేమ లేని కాపురాలకు వెళ్ళిపోయారు. చిన్నది సోఫీ. ఆ ఇంటికి పాఠాలు చెప్పడానికి వచ్చిన యువకుడు, ఆమె ఒకరినొకరు ఇష్టపడ్డారు. అయితే ఒకనాడు అతడు స్నేహితుని ఎదుట సిగ్గుపడి, ఆమె అంటే తనకేమీ లేదన్నట్టు మాట్లాడతాడు. ఆ మాట సోఫీ చెవిన పడుతుంది. ఆమె ఎవరితోను ఏమీ అనదు. వయస్సు మళ్ళిన, భార్యను పోగొట్టుకున్న ఒక పెద్ద పాదిరిగారు అడిగితే పెండ్లికి సరేనంటుంది. ఆయన దుర్మార్గుడు కాడు, మంచివాడే. కథలో అసలు బాధ అదే. చెడ్డవారెవరూ లేకుండానే ఒక పిల్ల బ్రతుకు ముగిసిపోయింది. నీ మనసులో ఏముందని ఆ పిల్లను అడిగినవారు లేరు. చెప్పుకోవడం మర్యాద కాదని ఆమెకు చిన్ననాటి నుండి నేర్పారు.

ఆ దేశపు జీవితాన్ని ఉన్నది ఉన్నట్టు చూపిన మొదటి నవలగా దీనిని సాహిత్య చరిత్రలలో పేర్కొంటారు. లోకప్రసిద్ధుడైన నాటకకర్త ఇబ్సెన్ తన రచనపై ఆమె ప్రభావం ఉన్నదని అంగీకరించాడు. తరువాత ఆమె తన పేరుతోనే వ్యాసాలు వ్రాసింది. 1877లో వచ్చిన ఆమె వ్యాస సంపుటికి పెట్టిన పేరు “మూగవారి శిబిరం నుండి”. ఈ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకోవాలి.

ఆమె జీవించిన కాలంలోనే నార్వేలో చట్టాలు ఒక్కొక్కటిగా మారాయి. 1854లో అన్నదమ్ములతో పాటు అక్కచెల్లెండ్రకు ఆస్తిలో సమానభాగం వచ్చింది. 1882లో విశ్వవిద్యాలయపు తలుపులు స్త్రీలకు తెరచుకున్నాయి. 1888లో వివాహిత స్త్రీకి తన సొంత వ్యవహారాలు తానే చూచుకొనే హక్కు కలిగింది. 1895లో ఆమె కన్నుమూసింది. 1913లో నార్వే స్త్రీలందరికీ ఓటు హక్కు లభించింది. ఇదంతా ఒక్క నవల వలన జరిగిందని మేము అనము. కాని నోరు విప్పనిదే న్యాయం ఇంటికి రాదు. మొదట నోరు విప్పిన వారిలో ఈ కాపరి కుమార్తె ఒకతె.

తాగుడు ఒక్కరితో పోదు

రెండవ రచయిత్రి అమాలియె స్క్రామ్. 1846లో బెర్గెన్ అనే రేవు పట్టణంలో పుట్టింది. తండ్రి వ్యాపారంలో దివాలా తీసి, కుటుంబాన్ని విడిచి అమెరికా వెళ్ళిపోయాడు. పద్దెనిమిదేండ్లకే ఒక ఓడ కెప్టెన్‌తో ఆమెకు పెండ్లి అయింది. ఆ కాపురం నిలవలేదు. కష్టాలు ఆమె పుస్తకాలలో చదివి తెలుసుకున్నవి కావు.

ఆమె వ్రాసిన వాటిలో గొప్పది, 1887 నుండి 1898 వరకు నాలుగు సంపుటాలుగా వచ్చిన “హెల్లెమీర్ జనం”. బెర్గెన్ సమీపంలోని ఒక పేద కుటుంబం నాలుగు తరాల కథ ఇది. సూర్ గాబ్రియేల్ అనే రైతు రాళ్ళతో, చిత్తడితో నిండిన చెక్క నేలను నమ్ముకొని చాకిరీ చేస్తాడు. భార్య తాగుడుకు అలవాటుపడింది. అతడు ఆమెను కొడతాడు. ఆమె మానదు. అతడు చివరి కొడుకు మీద ప్రాణమంతా పెట్టుకుంటాడు. ఆ పసివాడు జబ్బుచేసి చనిపోతాడు. అంతవరకు తాగుడును అసహ్యించుకున్న ఆ మనిషి, ఆ దుఃఖంలో తానే సీసా అందుకుంటాడు.

మనుమడు పెద్దవాడవుతాడు. చురుకైనవాడు, పైకి రావాలనే ఆశ ఉన్నవాడు. కాని వీధిలో తాగి పడిపోయే తాత, అవ్వ వాడికి తీరని సిగ్గు. ఆ సిగ్గును దాచుకోవడానికి అబద్ధమాడతాడు. ఆ అబద్ధం వాడి పిల్లల దాకా ప్రాకుతుంది. తాగుడు మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాము. తాగినవాడి సంగతి వాటిలో ఉంటుంది. తాగినవాడి మనుమడి సంగతి అంత వివరంగా చెప్పినవారు అరుదు. పేదవారిని వెక్కిరించకుండా, వారి తప్పును కప్పిపుచ్చకుండా వ్రాయడం ఆమె నార్వే సాహిత్యానికి చేసిన మేలు.

1894లో మనోవ్యథ వలన ఆమె కోపెన్‌హాగెన్‌లోని ఆసుపత్రిలో, మానసిక రోగుల వార్డులో చేరింది. అక్కడ రోగి మాటకు విలువ ఉండదని గ్రహించింది. 1895లో ఆ అనుభవాన్ని రెండు నవలలుగా వ్రాసింది. అటువంటి చోట్ల రోగులను ఎలా చూస్తున్నారనే విషయమై అవి పెద్ద చర్చను లేపాయి. 1905లో ఆమె మరణించింది.

ఏడుగురు కొడుకుల తల్లి కథ

మూడవ ఆమె సిగ్రిడ్ ఉండ్‌సెట్. ఈమె 1882లో పుట్టింది. తండ్రి పురాతన వస్తువులను పరిశోధించే పండితుడు. పదకొండేండ్ల వయస్సులో ఆయనను పోగొట్టుకుంది. ఇల్లు గడవడం కోసం చిన్న వయస్సులోనే ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేరి, పదేండ్లు పనిచేసింది. పగలు ఆఫీసు, రాత్రి రచన. పూర్వకాలపు కథతో వ్రాసిన మొదటి నవలను ప్రచురణకర్త త్రిప్పి పంపాడు. చారిత్రక నవలల జోలికి పోవద్దని సలహా కూడా ఇచ్చాడు.

ఆమె మాత్రం మానలేదు. 1920, 1921, 1922 సంవత్సరాలలో “లావ్రాన్స్ కుమార్తె క్రిస్టిన్” అనే నవల మూడు భాగాలుగా వచ్చింది. పదునాలుగవ శతాబ్దపు నార్వే అందులోని కాలం. క్రిస్టిన్ తండ్రికి ప్రాణమైన బిడ్డ. ఆయన కుదిర్చిన సంబంధాన్ని కాదని, తాను ప్రేమించినవానినే పట్టుబట్టి పెండ్లాడింది. అతడు మనోహరుడే గాని నిలకడ లేనివాడు. ఏడుగురు కొడుకులను పెంచుతూ, పాడుపడిన కమతాన్ని చక్కబెడుతూ, పాలు, పైరు, పనివారు అన్నీ చూచుకుంటూ బ్రతికింది. తండ్రిని బాధపెట్టానన్న ముల్లు ఆమె గుండెలో ఎన్నడూ మానలేదు. భర్త తప్పును క్షమించడం ఆమెకు నేర్చుకోలేని పాఠమైపోయింది.

కథ చివర 1349లో ప్లేగు వస్తుంది. అప్పటికి క్రిస్టిన్ ఒక మఠంలో ఉంటున్నది. భయంతో మతి తప్పిన జనం, తెగులు శాంతించాలని ఒక దిక్కులేని పసివాడిని సజీవంగా పూడ్చబోతారు. స్త్రీలు అడ్డుపడి వాడిని కాపాడతారు. వాడి తల్లి ప్లేగుతో చనిపోయి గుడిసెలో పడి ఉన్నది. ఎవరూ దగ్గరకు పోలేదు. క్రిస్టిన్ వెళ్ళి ఆ శవాన్ని మోయించి సమాధి చేయిస్తుంది. ఆ తెగులు తగిలి తానూ మరణిస్తుంది. గొప్ప ఇంట పుట్టినది, చివరికి ఎవరూ ముట్టని ఒక పేదరాలి కొరకు ప్రాణం పెట్టింది.

1928లో సిగ్రిడ్‌కు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి పొందిన స్త్రీలలో ఆమె మూడవది. వ్రాయవద్దన్న పూర్వకాలపు కథలకే ఆ గౌరవం దక్కింది. బహుమతి సొమ్మును ఆమె దానం చేసింది. అందులో కొంత, బుద్ధిమాంద్యం గల పిల్లలను ఇంటివద్దనే పెంచుకొనే తలిదండ్రుల సహాయార్థం ఇచ్చింది. ఆమె సొంత కుమార్తె అటువంటి బిడ్డే. ఆ బిడ్డను దాచిపెట్టలేదు, దగ్గరే ఉంచుకొని సాకింది. పిల్లలు పడుకున్న తరువాత రాత్రిళ్ళు కూర్చుని ఈ గ్రంథాలు వ్రాసింది. 1924లో రోమన్ కతోలిక సంఘంలో చేరినప్పుడు లూథరన్ దేశంలో ఎంతోమంది నొచ్చుకున్నారు. తాను నమ్మినదానిని ఆమె దాచుకోలేదు. 1939లో కుమార్తె చనిపోయింది. 1940లో జర్మను సైన్యం నార్వేపై పడినప్పుడు పెద్ద కుమారుడు యుద్ధంలో మరణించాడు. హిట్లరును విమర్శించిన ఆమె దేశం విడిచి, స్వీడన్, రష్యా, జపాన్‌ల మీదుగా అమెరికా చేరింది. 1945లో తిరిగి వచ్చి, 1949లో స్వంత గడ్డ మీదనే కన్నుమూసింది.

వంద సంవత్సరాల తరువాత అదే మాట

చివరిగా హెర్బ్యోర్గ్ వాస్మో. 1942లో ఉత్తర నార్వేలో పుట్టింది. ఉపాధ్యాయురాలిగా పనిచేసింది. 1981 నుండి 1986 వరకు ఆమె తోరా అనే బాలిక కథను మూడు నవలలుగా వ్రాసింది. మూడవదానికి 1987లో ఉత్తర ఐరోపా దేశాలన్నీ కలిసి ఇచ్చే సాహిత్య బహుమతి వచ్చింది.

తోరా యుద్ధకాలంలో ఒక నార్వే స్త్రీకి, జర్మను సైనికునికి పుట్టిన బిడ్డ. అందుకని ద్వీపంలోని ఆ జాలరి ఊరంతా ఆమెను ఏవగించుకుంటుంది. తల్లి చేపల కర్మాగారంలో పనికి పోతుంది. ఇంటిలో ఉన్న మారుతండ్రి ఆ పసిదానిని పాడుచేస్తాడు. ఆ కీడుకు పేరేమిటో కూడా పిల్లకు తెలియదు. చెబితే తల్లి గుండె పగులుతుందని చెప్పదు. ఈ సంగతి వ్రాయడానికి మా కలం కూడా వెనుకాడింది. కాని మనం వెనుకాడడమే అటువంటివారికి కావలసినది.

ఈ వరుసలో రెండవ పుస్తకం 1983లో వచ్చింది. దాని పేరు “మూగ గది”. కమిల్లా “మూగవారి శిబిరం” అన్నది 1877లో. నూరేండ్లు దాటింది. చట్టాలు మారాయి, ఓటు వచ్చింది, చదువు వచ్చింది. అయినా ఇంటిలో ఒక గది ఇంకా మూగగానే ఉన్నదని ఈమె చూపింది. చట్టం ఇంటి గుమ్మం వరకే వస్తుంది. లోపలికి రావలసినది మనమే.

కమిల్లా బొమ్మను నార్వే ప్రభుత్వం ఒకప్పుడు నూరు క్రోనర్ల నోటు మీద ముద్రించింది. సిగ్రిడ్ బొమ్మ 1999 నుండి చాలాకాలం ఐదువందల నోటు మీద ఉన్నది. పేరు వేసుకోవడానికి వీలులేక పుస్తకం వెలువరించిన స్త్రీ ముఖం, దేశమంతా చేతులు మారిన నోటు మీదికి వచ్చింది. కొలెట్, ఉండ్‌సెట్, వాస్మోల నవలలకు ఆంగ్ల అనువాదాలు ఉన్నాయి. కళాశాలలో చదివే మీ పిల్లలు గ్రంథాలయంలో అడిగి చూడవచ్చును.

పాఠకులారా, నవలలు చదవడం కాలం వృథా చేసుకోవడమని మన పెద్దలు కొందరు అంటారు. కొన్ని నవలల విషయంలో అది నిజమే. కాని మూగవారి పక్షమున మాట్లాడమని తన కుమారునికి నేర్పిన రాజమాత మాటలు సామెతల గ్రంథపు చివరి అధ్యాయంలో ఉన్నాయి. గుణవతియైన భార్యను గురించి అదే అధ్యాయాన్ని మనం పెండ్లిండ్లలో చదువుతాము. మొదటి భాగాన్ని దాటిపోతాము. ఈ స్త్రీలు ఆ మొదటి భాగపు పని చేశారు.

ఈ రాత్రి మీ ఇంటిలో ఎవరైనా “ఏమీ లేదులే” అంటే, దీపం ఆర్పకుండా ఇంకొక్క నిమిషం కూర్చోండి. పెండ్లికి ఎదిగిన కూతురు కావచ్చు, అలసిన భార్య కావచ్చు, బడి నుండి వచ్చి మౌనంగా కూర్చున్న చిన్నది కావచ్చు. రెండవసారి అడగండి. చెప్పింది విన్న తరువాత కోపపడకండి. నమ్మండి.