నడుము నొప్పులన్నీ డిస్కు నొప్పులు కావు

నడుము నొప్పి అనగానే "డిస్కు జారింది", "ఎముక అరిగింది" అనడం మా వృత్తిలో అలవాటైపోయింది. చాలాసార్లు అది నిజమే. నా అభ్యంతరం ఆ మాట మీద కాదు, రోగిని పరీక్షించకుండానే ఆ మాట అనడం మీద.

ప్రభుత్వోద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక నడివయసు స్త్రీకి నేనూ నొప్పి మాత్రలు రాసి, నడుముకు పట్టీ కట్టుకోమని పంపాను. ఆరు వారాలకు ఆమెను మంచం మీద మోసుకొచ్చారు. కాళ్ళు చచ్చుబడ్డాయి, మూత్రం బిగిసిపోయింది. నాలుగేళ్ళ క్రితం ఆమెకు రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగిందని అప్పుడు తెలిసింది. ఆమె దాచలేదు, నేను అడగలేదు.

వెన్నెముకలో కనిపించే దుష్టకణితుల్లో అధికభాగం అక్కడ పుట్టినవి కావు. రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేటు, మూత్రపిండాలు, థైరాయిడు వంటి అవయవాల నుంచి వచ్చి చేరినవి. పడుకున్నా తగ్గక రాత్రి నిద్ర లేపే నొప్పి, అకారణంగా బరువు తగ్గడం, పూర్వం క్యాన్సరు వచ్చి ఉండడం, వీటిలో ఏదున్నా మాత్రలతో కాలయాపన తగదు. కాళ్ళు బలహీనపడినా, మలమూత్రాలపై అదుపు తప్పినా అది ఆ రోజే ఆసుపత్రికి చేరవలసిన అత్యవసర స్థితి.

"ఎక్స్‌రే బాగానే ఉంది" అన్నది ఉత్త ధైర్యం. ఎముకలోని ఖనిజం 30 నుంచి 50 శాతం వరకు కరిగితే గాని ఎక్స్‌రేలో లోపం కనబడదు. ఎం.ఆర్.ఐ. తీయించినా తరచు నడుముకే పరిమితం చేస్తారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. కాళ్ళు బిగుసుకుపోతున్న రోగికి కణితి వీపు భాగంలో ఉండవచ్చు. మన దేశంలో వెన్నెముక క్షయ కూడా ఎక్కువే కనుక, చిత్రం చూసి ఊహతో నెలల తరబడి క్షయ మందులు వాడడం మరో పొరపాటు. వీలైనచోటల్లా బయాప్సీతో నిర్ధారించుకోవాలి. "ముక్క తీస్తే పాకుతుంది" అన్న భయంతో దానిని మానుకోరాదు.

చికిత్స లేదన్న నిరాశ కూడా తప్పే. మెనింజియోమా, ష్వానోమా వంటివి చాలావరకు నిరపాయకరమైనవి, శస్త్రచికిత్సతో తొలగించవచ్చు. వ్యాపించిన క్యాన్సరు వెన్నుపామును నొక్కుతున్న కొందరు రోగులపై జరిపిన అధ్యయనం 2005లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. శస్త్రచికిత్స, రేడియేషను రెండూ పొందినవారిలో 84 శాతం, రేడియేషను మాత్రమే పొందినవారిలో 57 శాతం చికిత్స తరువాత నడవగలిగారు. అయితే నడుస్తూ వచ్చిన రోగికే నడక నిలిచే అవకాశం ఎక్కువ. పూర్తిగా పోయిన కాళ్ళు తిరిగి రావడం అరుదు.

యువ వైద్యులారా, చీటీ రాసే ముందు పాత జబ్బులు అడగండి, వెన్నును తట్టి చూడండి, కాళ్ళ బలం పరీక్షించండి. ఐదు నిమిషాల పని. పాఠకులారా, వైద్యుడు అడగకపోయినా మీ పాత జబ్బు చెప్పండి. ఆనాడు నేను ఆ ఐదు నిమిషాలు వెచ్చించలేదు. ఆమె మళ్ళీ నడవలేదు.